ఏ ఆర్యభటుడు? ఏ భాస్కరుడు?

మీ తరగతిలో ఒకే పేరున్న విద్యార్థులు ఇద్దరున్నారనుకోండి. హాజరు పిలిచేటప్పుడు మాస్టారు ఏం చేస్తారు? ఇంటిపేరు కలిపి పిలుస్తారు. ఇంటిపేరు కూడా ఒకటే అయితే 'పొడుగు శ్రీనివాస్', 'పొట్టి శ్రీనివాస్' అని పిల్లలే ఒక దారి చూస్తారు. ఇద్దరూ ఎదురుగా ఉన్నారు కాబట్టి చిక్కు లేదు. కాని ఆ ఇద్దరూ వెయ్యేళ్ళ కిందటివారైతే? మనకు మిగిలింది నాలుగు తాళపత్ర ప్రతులు, వాటిమీద ఒక పేరు మాత్రమే అయితే? అప్పుడు ఎవరు ఏది రాశారో తేల్చడం ఎలా?

మన గణిత, ఖగోళ శాస్త్రాల చరిత్రలో సరిగ్గా ఇదే జరిగింది. ఆర్యభటులు ఇద్దరు, భాస్కరులు ఇద్దరు. ఈ పేర్ల గందరగోళం వల్ల ఒకప్పుడు ఆర్యభటుని గణితమే అతని చేతిలోంచి జారిపోయి అయిదు వందల ఏళ్ళు ముందుకు వచ్చేసింది. దాన్ని తిరిగి అసలు హక్కుదారుకు అప్పగించడానికి పండితులు పడిన శ్రమ ఒక మంచి అపరాధ పరిశోధన కథకు తీసిపోదు.

ముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. పుస్తకాల్లో మీరు చదివే 'మొదటి ఆర్యభటుడు', 'రెండవ భాస్కరుడు' వంటి పేర్లు వారు పెట్టుకున్నవి కావు. రాబోయే కాలంలో తన పేరుతో మరొకడు పుడతాడని ఎవరికి తెలుస్తుంది? ఆ అంకెలు చరిత్రకారులు మన సౌకర్యం కోసం తగిలించినవి.

అల్ బెరూనీకి కలిగిన సందేహం

మొదటి ఆర్యభటుని పుట్టిన సంవత్సరం మనకు కచ్చితంగా తెలుసు. ప్రాచీన భారత శాస్త్రజ్ఞుల విషయంలో ఇది అరుదైన అదృష్టం. కలియుగంలో 3600 సంవత్సరాలు గడిచేసరికి తనకు 23 ఏళ్ళు నిండాయని ఆయనే 'ఆర్యభటీయం'లో చెప్పుకున్నాడు. గడిచిన కలి సంవత్సరాల నుంచి 3101 తీసివేస్తే క్రీస్తు శకం వస్తుంది. 3600 నుంచి 3101 పోతే 499. అందులోంచి 23 పోతే 476. అంటే క్రీ.శ. 476లో పుట్టాడన్నమాట.

ఆర్యభటీయం చిన్న పుస్తకం. మొత్తం 121 శ్లోకాలు. గీతికాపాదంలో 13, గణితపాదంలో 33, కాలక్రియాపాదంలో 25, గోళపాదంలో 50. భూమి తన చుట్టూ తాను తిరుగుతుందని చెప్పిందీ, వృత్తపరిధికీ వ్యాసానికీ గల నిష్పత్తిని 62832/20000, అంటే 3.1416 అని ఇచ్చిందీ ఈ చిన్న పుస్తకంలోనే.

అయిదు శతాబ్దాల తర్వాత, 1030 ప్రాంతంలో, అల్ బెరూనీ భారతదేశం గురించి తన ప్రసిద్ధ గ్రంథాన్ని రాశాడు. సంస్కృతం నేర్చుకుని, మన జ్యోతిష గ్రంథాలను శ్రద్ధగా చదివిన మహాపండితుడాయన. అయినా ఆర్యభటుని పుస్తకాలు తనకు దొరకలేదనీ, బ్రహ్మగుప్తుడు ఉదహరించిన మాటల ద్వారానే ఆయన గురించి తెలుసుకున్నాననీ ఒప్పుకున్నాడు. మరొకచోట 'కుసుమపుర ఆర్యభటుడు' అనే వ్యక్తిని పేర్కొని, ఇతడు వేరనీ, పెద్ద ఆర్యభటుని సంప్రదాయాన్ని అనుసరించినవాడనీ రాశాడు. అలా అల్ బెరూనీ పుస్తకంలో ఆర్యభటులు ఇద్దరయ్యారు.

ఇలాంటి భ్రమ కలగడానికి మన గ్రంథాల్లో అవకాశం లేకపోలేదు. సంస్కృత రచయితలు 'నేను చెబుతున్నాను' అనకుండా 'ఆర్యభటుడు చెబుతున్నాడు' అని తమను తాము ప్రథమ పురుషలో చెప్పుకోవడం పరిపాటి. ఆర్యభటీయంలోనూ అలాగే ఉంది. ఈ పద్ధతి తెలియని పాఠకుడికి, ఎవరో శిష్యుడు గురువుగారి మాటలు చెబుతున్నట్టు తోచవచ్చు.

పోయేదేమిటి?

'ఒకరైతేనేం, ఇద్దరైతేనేం? లెక్కలు లెక్కలేగా!' అని మీరనవచ్చు. కాని పేరు తారుమారైతే తేదీ తారుమారవుతుంది. తేదీ తారుమారైతే ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నదే తారుమారవుతుంది.

1908లో జి.ఆర్. కే అనే ఆంగ్లేయ పండితుడు సరిగ్గా ఇక్కడే పట్టుకున్నాడు. అల్ బెరూనీ చెప్పిన ఇద్దరు ఆర్యభటులను ఆధారం చేసుకుని, ఆర్యభటీయంలోని గణితపాదం 476లో పుట్టిన ఆర్యభటునిది కాదనీ, చాలా తర్వాతి కాలపు కుసుమపుర ఆర్యభటునిదనీ, అది బహుశా పదో శతాబ్ది రచన అనీ వాదించాడు. దీని ఫలితం ఆలోచించండి. బీజగణితంలో అరబ్బుల మహాపండితుడు అల్ ఖ్వారిజ్మీ తొమ్మిదో శతాబ్ది వాడు. గణితపాదం అయిదో శతాబ్దిది అయితే వర్గమూలం, ఘనమూలం కట్టే పద్ధతులు, 3.1416, కుట్టక గణితం అన్నీ అతనికన్నా మూడు వందల ఏళ్ళు ముందువి. పదో శతాబ్దిది అయితే భారతీయులే అరబ్బుల దగ్గర నేర్చుకున్నారని వాదించడానికి దారి దొరుకుతుంది. ఒక్క పేరు దగ్గర జరిగిన తికమక ఇంత దూరం పోతుంది!

33 శ్లోకాల సాక్ష్యం

దీనికి జవాబు వెతకడానికి పెద్ద పరికరాలేమీ అవసరం కాలేదు. కూడిక చాలు.

బ్రహ్మగుప్తుడు 628లో 'బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం' రాశాడు. ఆర్యభటుని మీద ఆయనకు ఒంటికాలి మీద లేచేంత కోపం. భూమి తిరుగుతుందన్న మాటను ఎగతాళి చేశాడు కూడా. అయితే తిట్టడానికైనా పేరు చెప్పాలి కదా! ఆర్యభటుని రచనలోని భాగాలను ఆయన 'దశగీతిక' అనీ, 'ఆర్యాష్టశతం' అనీ పేర్కొన్నాడు. 'అష్టశతం' అంటే ఎనిమిది వందలు అనీ చెప్పుకోవచ్చు, నూట ఎనిమిది అనీ చెప్పుకోవచ్చు. సంస్కృత సమాసంలో రెండూ కుదురుతాయి. ఎనిమిది వందల శ్లోకాలు ఆ పుస్తకంలో లేనే లేవు. మరి నూట ఎనిమిది? గణితపాదం 33, కాలక్రియాపాదం 25, గోళపాదం 50. కూడి చూడండి, సరిగ్గా 108! గణితపాదాన్ని తీసేస్తే మిగిలేది 75 మాత్రమే. కాబట్టి 628 నాటికే గణితపాదం ఆ పుస్తకంలో భాగంగా ఉన్నది. పదో శతాబ్ది మాటకు చోటు లేదు.

విభూతిభూషణ్ దత్త అనే బెంగాలీ గణిత చరిత్రకారుడు 1926లో ఈ విషయంపై ఒక వ్యాసం ప్రచురించారు. ఈయన తర్వాత అవధేశ్ నారాయణ్ సింగ్‌తో కలిసి హిందూ గణిత చరిత్రను రెండు సంపుటాలుగా రాశారు. చివరికి సన్యాసం స్వీకరించారు. అల్ బెరూనీ ఇద్దరు ఆర్యభటులకు ఆపాదించిన విషయాలను దత్త ఒక్కొక్కటిగా పోల్చి చూశారు. అల్ బెరూనీ చెప్పిన పెద్ద ఆర్యభటుడూ, కుసుమపుర ఆర్యభటుడూ ఒక్కరేననీ, అతడు 476లో పుట్టినవాడేననీ తేల్చారు.

నిజమైన రెండవ ఆర్యభటుడు

కథ ఇక్కడ ముగిస్తే బాగుండును. కాని చమత్కారం ఏమిటంటే, రెండవ ఆర్యభటుడు నిజంగానే ఒకడున్నాడు! అయితే ఆయన అల్ బెరూనీ చెప్పినవాడు కాదు. 'మహాసిద్ధాంతం' అనే 18 అధ్యాయాల గ్రంథం రాసినవాడు. ఆయన కాలం 950 ప్రాంతమని దత్త మొదలైనవారి అభిప్రాయం. ఇంకా తర్వాతివాడని అనేవారూ ఉన్నారు.

ఇద్దరి పుస్తకాలూ ఒకరివి కావని చూడగానే పట్టించే గుర్తు ఒకటుంది. ఇద్దరూ సంఖ్యలను అక్షరాలతోనే రాస్తారు. కాని ఇద్దరి వాడుకా వేరు. మొదటి ఆర్యభటుడు ఒక మహాయుగంలోని సూర్య భగణాలను 'ఖ్యుఘృ' అని రాశాడు. ఆయన లెక్కలో ఖ అంటే 2, య అంటే 30, ఘ అంటే 4. అచ్చులు స్థానాన్ని చెబుతాయి. ఉకారం పదివేల స్థానం, ఋకారం పదిలక్షల స్థానం. అంటే 20,000 + 3,00,000 + 40,00,000 = 43,20,000.

రెండవ ఆర్యభటునిది మరో లెక్క. ఆయన కటపయాది పద్ధతిని తనకు అనువుగా మార్చుకుని వాడాడు. అందులో అచ్చులకు విలువ లేదు. సంయుక్తాక్షరంలోని ప్రతి హల్లూ ఒక అంకె. ఎడమనుంచి కుడికి చదవాలి. ఖ అంటే 2, య అంటే 1, ఘ అంటే 4. అదే 'ఖ్యుఘృ' మాటను ఈయన సూత్రంతో చదివితే 214 అవుతుంది! నలభై మూడు లక్షల ఇరవై వేలెక్కడ, రెండువందల పద్నాలుగెక్కడ? మనుషుల దస్తూరీ వేరైనట్టే అంకెల దస్తూరీ కూడా వేరు.

ఆర్యభటుని పేరు రాయడంలో మరో చిన్న చిక్కు ఉంది. చాలామంది 'ఆర్యభట్ట' అని రాస్తారు. బొంబాయిలో వైద్యుడుగా ఉంటూ ప్రాచీన ప్రతులను సేకరించిన డాక్టర్ భావు దాజీ, సరైన రూపం 'ఆర్యభట' అని 19వ శతాబ్దిలోనే చూపించారు. మీరు తెలుగు ఛందస్సులో గురులఘువులు నేర్చుకున్నారు కదా! 'భట' అంటే రెండు లఘువులు, రెండు మాత్రలు. 'భట్ట' అంటే గురువూ లఘువూ, మూడు మాత్రలు. ఆర్యావృత్తం మాత్రల లెక్కమీద నడుస్తుంది. 'భట్ట' అంటే మాత్ర పెరిగి శ్లోకం కుంటుతుంది.

ఇద్దరు భాస్కరులు, మధ్యలో 521 ఏళ్ళు

ఇప్పుడు భాస్కరుల దగ్గరికి వద్దాం. ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పుకోవాలి. ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని అనువదిస్తూ, ఉత్త 'భాస్కర' అని ఉన్నచోట అనుమానం లేకుండా 'లీలావతి కర్త భాస్కరాచార్యుడు' అని రాసేశాను. ప్రూఫులు దిద్దేటప్పుడు చూస్తే, పక్కనే 629 అనే సంవత్సరం నన్ను వెక్కిరిస్తోంది. లీలావతి కర్త అప్పటికి ఇంకా అయిదు శతాబ్దాలకు గాని పుట్టడు!

ఆ 629 నాటి భాస్కరుడే మొదటి భాస్కరుడు. ఆర్యభటీయానికి భాష్యం, మహాభాస్కరీయం, లఘుభాస్కరీయం ఆయన రచనలు. తన కాలాన్ని ఆయన తమాషాగా చెప్పాడు. కల్పం మొదలై 1,98,61,23,730 సంవత్సరాలు గడిచాయని భాష్యంలో లెక్క కట్టాడు. ఆర్యభటుని లెక్క ప్రకారం కలియుగం మొదలయ్యేసరికే 1,98,61,20,000 సంవత్సరాలు గడిచాయి. మిగిలిన 3730 కలియుగంలోవి. 3730 నుంచి 3101 తీసేయండి, 629 వచ్చింది.

ఆర్యభటునికి కేవలం 130 ఏళ్ళ తర్వాత రాసిన ఈ భాష్యంలో గణితపాదానికి ఉదాహరణలతో సహా వివరణ ఉన్నది. కే వాదానికి ఇంతకన్నా గట్టి జవాబేముంటుంది? ఒక పేరు చిక్కును విప్పడానికి మరో పేరు చిక్కు విప్పవలసి వచ్చింది. ఇద్దరు భాస్కరులనూ విడదీసి చూపుతూ 1930లో వ్యాసం రాసినవారు కూడా విభూతిభూషణ్ దత్త గారే. తర్వాత లక్నోకు చెందిన కె.ఎస్. శుక్లా మొదటి భాస్కరుని గ్రంథాలను పరిష్కరించి ప్రచురించారు.

మహాభాస్కరీయంలో 'సైన్' విలువను పట్టికలు లేకుండా కట్టే సూత్రం ఒకటుంది. కోణం డిగ్రీలను 180 నుంచి తీసివేసి, వచ్చినదాన్ని ఆ కోణంతోనే గుణించండి. ఆ లబ్ధాన్ని నాలుగు రెట్లు చేసి, 40500 నుంచి అదే లబ్ధాన్ని తీసివేయగా మిగిలిన దానితో భాగించండి. 30 డిగ్రీలకు చేసి చూడండి. 30ని 150తో గుణిస్తే 4500. నాలుగు రెట్లు 18000. 40500 నుంచి 4500 పోతే 36000. భాగిస్తే సరిగ్గా అర. 45 డిగ్రీలకు 0.7059 వస్తుంది, అసలు విలువ 0.7071. ఏ కోణానికైనా తేడా 0.002 దాటదు. ఇంత చక్కని సూత్రం ఇచ్చినవాణ్ణి 'మరో భాస్కరుడు' కింద మరిచిపోవడం న్యాయమా?

రెండవ భాస్కరుడు మీకు తెలిసినవాడే. శకం 1036లో పుట్టాననీ, 36వ ఏట 'సిద్ధాంత శిరోమణి' రాశాననీ ఆయనే చెప్పుకున్నాడు. శకానికి 78 కలిపితే క్రీస్తు శకం. కాబట్టి జననం 1114, గ్రంథరచన 1150. లీలావతి, బీజగణితం అందులోవే. 1183లో 'కరణకుతూహలం' రాశాడు.

మహారాష్ట్రలోని జల్‌గావ్ జిల్లాలో చాలీస్‌గావ్ దగ్గర పాటణ్ అనే గ్రామముంది. అక్కడ భావు దాజీ ఒక శాసనం కనుగొన్నారు. అది 1207 నాటిది. భాస్కరుని మనుమడు చంగదేవుడు, తాతగారి గ్రంథాల అధ్యయనం కోసం స్థాపించిన మఠానికి ఇచ్చిన దానాలు అందులో ఉన్నాయి. దానిలో ఆ వంశం వారి పేర్లు వరసగా ఉన్నాయి. త్రివిక్రముడు, భాస్కరభట్టు, గోవిందుడు, ప్రభాకరుడు, మనోరథుడు, మహేశ్వరుడు, ఆ తర్వాత మన భాస్కరుడు. చూశారా! ఆ ఇంట్లోనే అయిదు తరాల పైన మరో భాస్కరుడున్నాడు. భోజరాజు చేత 'విద్యాపతి' బిరుదు పొందినవాడు.

మన తెలుగువారికి ఇదేమీ వింత కాదు. తాత పేరు మనుమడికి పెట్టడం మన ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. మహావీరాచార్యుని 'గణితసారసంగ్రహా'న్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన తాత పేరు కూడా మల్లనే. ఆ పుస్తకం రాసింది రాజరాజ నరేంద్రుని కాలపు తాతా, తర్వాతి మనుమడా అని మన సాహిత్య చరిత్రకారులు చాలాకాలం చర్చించారు. ప్రేమతో పెట్టిన పేరు చరిత్రకారుడికి చిక్కుముడి అవుతుంది.

ఊళ్ళకూ ఇదే గొడవ

మనుషుల పేర్లే ఇలా ఉంటే ఊళ్ళ పేర్ల సంగతి చెప్పేదేముంది? కుసుమపురంలో గౌరవం పొందిన జ్ఞానాన్ని చెబుతున్నానని ఆర్యభటుడన్నాడు. అక్కడ పుట్టానని అనలేదు. కుసుమపురమంటే పాటలీపుత్రమని, అంటే నేటి పాట్నా అని మొదటి భాస్కరుడు వివరించాడు. కాని 'పూల ఊరు' అనే అందమైన పేరు ఒక్క ఊరికే ఎందుకుంటుంది? ఏడో శతాబ్దిలో మన దేశం తిరిగిన చైనా యాత్రికుడు హ్యుయాన్ త్సాంగ్, పాటలీపుత్రానికీ కన్యాకుబ్జానికీ కూడా కుసుమపురమనే పాత పేరు ఉన్నట్టు రాశాడు.

పుట్టిన చోటు మాటకొస్తే, ఆర్యభటుణ్ణి మొదటి భాస్కరుడు 'ఆశ్మకుడు' అంటాడు. కేరళ పండితుడు నీలకంఠుడు అశ్మక దేశంలో పుట్టినవాడంటాడు. అశ్మకం ఎక్కడ? బౌద్ధ గ్రంథాల ప్రకారం గోదావరి తీరాన. దాని రాజధాని నేటి తెలంగాణలోని నిజామాబాద్ జిల్లా బోధన్ అని చరిత్రకారులు గుర్తించారు. 'అయితే ఆర్యభటుడు మనవాడే!' అని చంకలు గుద్దుకోవడానికి తొందరపడకండి. వరాహమిహిరుడు బృహత్సంహితలో అశ్మకులను వాయవ్య దిక్కున ఉన్న జనాల జాబితాలో చేర్చాడు. అంటే అశ్మకాలు కూడా రెండు! కేరళలోని కొడుంగల్లూరు అన్నవారూ ఉన్నారు. గోదావరి అశ్మకానికి బలమైన అవకాశముంది, కాని అవకాశం వేరు, రుజువు వేరు.

అన్నిటికన్నా తమాషా 'లంక'. ప్రాచీన ఖగోళ గ్రంథాల్లో అడుగడుగునా లంక పేరు వస్తుంది. అది నేటి శ్రీలంక కాదు. భూమధ్యరేఖా, ఉజ్జయిని మీదుగా పోయే మధ్యాహ్నరేఖా కలిసే బిందువుకు పెట్టుకున్న పేరు. ఉజ్జయిని సుమారు 75.8 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. శ్రీలంక మొత్తం 79 డిగ్రీలకు తూర్పునే, భూమధ్యరేఖకు ఉత్తరాన ఉంది. మీ అట్లాసు తీసి ఆ బిందువును వెతకండి. మాల్దీవులకు తూర్పున ఉత్త సముద్రం కనిపిస్తుంది! లెక్కల సౌకర్యం కోసం నిలిపిన చోటును నిజమైన ద్వీపమనుకుంటే లెక్కంతా పక్కదారి పడుతుంది.

పేరు చూసి మోసపోకుండా

ఈ కథంతా చదివాక మీకు పరిశోధకుల పనితీరు కొంత అర్థమై ఉంటుంది. వారు పేరును సాక్ష్యంగా తీసుకోరు. ఆ మనిషి తన కాలాన్ని తానే చెప్పుకున్నాడా? అతణ్ణి ఎవరు, ఏ సంవత్సరంలో ఉదహరించారు? అతడి అంకెలు, పరిభాష, పద్ధతి ఎవరితో కలుస్తాయి? ఈ మూడూ ఒకేవైపు చూపితేనే నమ్ముతారు.

అంకెలు చూసీ మోసపోకూడదు. మన దేశపు తొలి ఉపగ్రహం 'ఆర్యభట' 1975 ఏప్రిల్ 19న వెళ్ళింది. 1979లో భాస్కర-1, 1981లో భాస్కర-2 ఉపగ్రహాలు వెళ్ళాయి. ఆ 1, 2 అంకెలు ప్రయోగ వరసను చెబుతాయి. మొదటి భాస్కరునికొకటి, రెండవ భాస్కరునికొకటి అని పరీక్షలో రాసేరు సుమా!

ఈసారి పాఠంలో 'భాస్కరుడు ఇలా చెప్పాడు' అని కనిపిస్తే, చేయెత్తి 'ఏ భాస్కరుడండీ?' అని అడగండి. పక్కవాళ్ళు నవ్వవచ్చు. అయినా అడగండి. ఆ ఒక్క ప్రశ్న అడిగినవారు ఉండబట్టే 33 శ్లోకాలు తిరిగి అయిదో శతాబ్దికి చేరాయి.